మామిడికి నీళ్లు: మీ ఆయన మాటా, అత్తమ్మ మాటా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. ఇంటి వెనక రెండు గుంటల జాగలో మామిడి, నిమ్మ, బత్తాయి, సీతాఫలం ఒక్కో చెట్టు, ఒక మల్లె పొద ఉన్నాయి. మిద్దె మీద కుండీల్లో గులాబీలు, టమాట పెట్టాను. మామిడి తొమ్మిదేళ్లది, పోయినేడు కొమ్మకొకటి అన్నట్టు కాసింది. ఫోన్‌లో వీడియోలు చూస్తే 'చలికాలంలో చెట్లన్నీ కత్తిరించండి, వసంతానికి తోటను రెడీ చేసుకోండి' అంటున్నారు. మా ఆయన మామిడికి డ్రిప్ పెట్టి రోజూ గంటసేపు వదులుతున్నారు. మా అత్తమ్మేమో 'చలికాలం మామిడికి నీళ్లు పోస్తే కాయ కాదు, ఆకే తింటారు' అంటుంది. రోజూ ఇదే పంచాయితీ. సీతాఫలం ఆకులన్నీ పసుపుపచ్చగా అయ్యి రాలుతున్నాయి, చచ్చిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నిమ్మ చెట్టు మొదట్లో బంక కారుతోంది. మావి బోరు నీళ్లు. కుండీల అంచులకు తెల్లగా పేరుకుంటోంది, గులాబీ కొత్త ఆకులు పసుపు తిరుగుతున్నాయి. ఉగాదికి తోట కళకళలాడాలంటే ఇప్పుడేం చేయాలి? దేనికి కత్తెర పెట్టాలి, దేనికి వద్దు?
— ఒక చెల్లెలు, దేవరకొండ

సమాధానం: చెల్లెమ్మా, ముందు పంచాయితీ తెంపేద్దాం. మామిడి విషయంలో మీ అత్తమ్మదే కరెక్టు. ఈ పేజీ చదవడం అయ్యాక లేచి వెళ్లి మామిడి వైపు పోయే డ్రిప్ వాల్వు కట్టేయండి. మీ ఆయనకు మాత్రం కొంచెం మెల్లగా చెప్పండి, పాపం ఆయన చెట్టు మీద ప్రేమతోనే పెట్టారు.

కాపుకొచ్చిన మామిడి పూయాలంటే ముందు దాని ఎదుగుదల కొన్నాళ్లు ఆగాలి. వానాకాలంలో వేసిన చిగురు ముదిరి, ఆకు ముదురాకుపచ్చకు తిరిగి, కొమ్మ చివర గట్టిపడాలి. ఆ పైన నేల ఆరి, రాత్రుళ్లు చల్లబడితే చివరి మొగ్గ పూమొగ్గగా మారుతుంది. ఇదే టైంలో వేళ్ల దగ్గర రోజూ తడి తగిలితే చెట్టుకు ఇంకా వానాకాలం పోలేదనిపిస్తుంది. రాగి రంగులో లేత చిగురు తొడుగుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, డిసెంబర్‌లో చిగురేసిన కొమ్మ ఆ ఏడాది పూయడం కష్టం. పోయినేడు కొమ్మకొకటి కాసిందన్నారు కదా, అప్పుడు కూడా డ్రిప్ నడిచిందేమో గుర్తుచేసుకోండి. కొల్లాపూర్ వైపు మామిడి రైతు ఎవరినైనా అడిగి చూడండి, నవంబర్ నుంచి పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్ల మాటే ఎత్తడు. నీళ్లే కాదు, ఇప్పుడు పాదు తవ్వొద్దు, యూరియా వేయొద్దు, పెంట కూడా వేయొద్దు. మామిడికి బువ్వ పెట్టే టైం కాయ తెంపుకున్నాక, జూన్, జూలైలో.

పిందె బఠాణీ సైజుకు వచ్చాక కథ మారుతుంది. అప్పుడు నీళ్లు లేకపోతే పిందె రాలిపోతుంది. అయితే మూడు నెలలు ఎండబెట్టి మొదటిరోజే పాదును చెరువు చేస్తే అదీ రాలిపోతుంది. మొదట కొద్దిగా, నాలుగైదు రోజులకు ఇంకొంచెం, తర్వాత వారం పది రోజులకోసారి నిండుగా పెట్టండి. డ్రిప్ పైపు మొదలు చుట్టూ కాదు, కొమ్మల చివర్ల కింద నేల మీద ఉండాలి. నీళ్లు తాగే సన్న వేళ్లు అక్కడుంటాయి. మొదట్లో పోస్తే తడిసేది బెరడే.

పూత కర్రలు బయటికొచ్చి ఇంకా పువ్వు విచ్చకముందు చేయాల్సిన పని ఒకటుంది. పూత మీద బూడిద చల్లినట్టు కనిపిస్తే నీళ్లలో కలిసే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టండి. చెట్టు కింద నిలబడితే సన్న పురుగులు చిటపట ఎగురుతూ, ఆకులు జిగటగా మెరుస్తుంటే అది తేనెమంచు పురుగు. దానికి వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నీళ్లలో కలవడానికి కొంచెం సబ్బు నీళ్లు. ఈ రెండు మందులూ కలిపి మాత్రం కొట్టొద్దు. నూనె కొట్టిన చెట్టుకు రెండు వారాల దాకా గంధకం తగిలిస్తే పూత మాడుతుంది. పువ్వు విచ్చాక ఏ మందూ వద్దు. మామిడి పువ్వు కాయ కట్టేది ఎక్కువగా ఈగల వల్లే. పూత టైంలో ఈగలు ముసురుతున్నాయని చిరాకు పడి చెట్టుకు మందు కొట్టినవాళ్లను చూశాను. తమ కాయలను తామే పోగొట్టుకున్నారు.

ఇక కత్తెర. దీని గురించి చెప్పే అర్హత నాకు బాగా ఉంది, ఎందుకంటే నష్టపోయాను. మా ఇల్లు పాలమూరులో. చాలా ఏళ్ల కింద కొత్తగా కత్తెర కొన్న ఉత్సాహంలో, డిసెంబర్‌లో ఒక ఆదివారం గులాబీల దగ్గర మొదలుపెట్టి, మందారం, కరివేపాకు దాటి మామిడి దాకా పోయాను. వంటింటి కిటికీకి అడ్డమొస్తున్నాయని మూడు కొమ్మలు, గుండ్రంగా అందంగా ఉండాలని చుట్టూ జానెడు జానెడు చివర్లు. పొద్దుగూకేసరికి చెట్టు కటింగ్ చేయించుకున్న పిల్లాడిలా ఉంది. జనవరిలో వీధిలో అన్ని చెట్లూ పూత పట్టి గమ్మని వాసన వస్తుంటే, మా చెట్టు మాత్రం ఎర్రటి చిగుళ్లేసుకుని నిలబడింది. మామిడి పూసేది కొమ్మ చివర్లోనే కదా, ఆ చివర్లన్నీ నేనే చెత్తలో వేశాను. ఆ ఉగాదికి పచ్చట్లోకి మామిడికాయ మార్కెట్లో కొనుక్కొచ్చాం. మా అమ్మ ఏమీ అనలేదు. కాయ కోస్తూ 'ఎంతకిచ్చిండు?' అని మాత్రం అడిగింది. మామిడికి కత్తెర పెట్టాలంటే కాయ దిగిపోయాక, వానలు మొదలయ్యే రోజుల్లోనే.

ఆ వీడియోలు తప్పని కాదు. చలికాలంలో నేల గడ్డకట్టి, చెట్టు నాలుగు నెలలు మోడై నిద్రపోయే దేశాల్లో తీసినవి అవి. వాళ్లు నిద్రలో ఉన్న చెట్టును కత్తిరించి వసంతం కోసం ఎదురుచూస్తారు. మన దగ్గర రాత్రి చలి పన్నెండు, పధ్నాలుగు డిగ్రీలకు దిగితే గొప్ప, మధ్యాహ్నం మళ్లీ ఇరవై ఎనిమిది, ముప్పై. పైగా మన వసంతం ఎంతసేపు? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఉగాది పచ్చడి తినేసరికి మిద్దె మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. మధ్యలో ఉండేది నాలుగైదు వారాలు. అందుకే నేను చలికాలం పనులన్నీ రోహిణి కార్తెను కళ్లముందు పెట్టుకుని చేస్తాను. రోళ్లు పగిలే ఆ ఎండలో చెట్టు నిలబడాలంటే ఇప్పుడు నేల మీద, వేళ్ల మీద పని చేయాలి. కొమ్మల మీద పని తక్కువ.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది సీతాఫలం కాదు, నిమ్మ. మొదట్లో బంక కారడం నల్గొండ బత్తాయి తోటల్లో చెట్లను మింగే రోగం. నేలలో ఉండే ఒక బూజు, తడి బెరడు గుండా లోపలికి పోతుంది. డ్రిప్ చుక్క కాండానికి ఆనుకుని పడుతుందా? మట్టి ఎగదోసి అంటు కట్టిన చోటు కూడా కప్పేశారా? ఈ రెండింట్లో ఏదో ఒకటి ఉంటుందని నా అనుమానం. ముందు ఆ మట్టి తీసేసి అంటు కట్టిన గుర్తు బయటికి కనబడేలా చేయండి. తర్వాత కాండం చుట్టూ మూరెడు జాగ వదిలి చిన్న కట్ట పోసి, నీళ్లు ఆ కట్ట అవతలే ఉండేలా రెండో కట్ట వేయండి. నీళ్లు రెండు కట్టల మధ్యే తిరగాలి, కాండాన్ని ముట్టుకోకూడదు.

ఇప్పుడు కత్తి. పదునైన చిన్న కత్తిని మంటలో కాల్చి, బంక కారే చోట గోధుమరంగుకు తిరిగిన బెరడును మెల్లగా గీకండి. పక్కన ఆరోగ్యంగా ఉన్న లేత రంగు బెరడు కనబడగానే ఆపేయండి. కింద పాత పేపర్ పరచుకుని గీకిన పొట్టంతా దానిలోనే పడేలా చూసి కాల్చేయండి, నేలలో పడితే మళ్లీ రోగమే. గీకిన చోట బోర్డో పేస్టు పూయాలి. కొనక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎరువుల దుకాణంలో మైలుతుత్తం 100 గ్రాములు, మంచి గుల్ల సున్నం 100 గ్రాములు తీసుకోండి. మైలుతుత్తం దంచి అర లీటరు నీళ్లలో కరిగించండి. ప్లాస్టిక్ బకెట్ గానీ మట్టి కుండ గానీ వాడండి, ఇనుప గిన్నె, రేకు డబ్బా పనికిరావు. ఇంకో బకెట్లో సున్నాన్ని కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ చల్లార్చి, అర లీటరు పాలలా చేసి వడగట్టండి. బుసబుసమని పొంగుతుంది, మొహం దగ్గర పెట్టకండి. రెండూ పూర్తిగా చల్లారాక మూడో బకెట్లోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలపండి. ఆకాశం రంగులో చిక్కటి ముద్ద వస్తుంది.

అది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రైతులు చేసే పరీక్ష ఒకటుంది. తోమిన ఇనుప మేకునో కత్తి మొననో అందులో ఒక నిమిషం ముంచి తీయండి. మేకు మీద ఎర్రగా రాగి పూత పట్టిందంటే మైలుతుత్తం ఎక్కువైంది, చెట్టును కాలుస్తుంది. ఇంకొంచెం సున్నం నీళ్లు కలిపి మళ్లీ చూడండి. మేకు తెల్లగానే ఉంటే కుదిరినట్టు. అదే రోజు వాడేయాలి, రేపటికి పనికిరాదు. పాత బ్రష్షుతో గీకిన చోట, ఆ తర్వాత నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా కాండమంతా పూయండి. పక్కనున్న బత్తాయికి బంక లేకపోయినా దానికీ పూయండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. మళ్లీ వానలకు ముందు, మే నెలాఖరులో ఇంకోసారి.

బంక కారుతున్న నిమ్మకు ఈ ఏడాది బెట్ట పెట్టొద్దు, అంటే పూత కోసం నీళ్లు ఆపి ఎండబెట్టొద్దు. రోగం ఉన్నవాళ్లతో ఉపవాసం చేయిస్తామా? దాని పాటికి దాన్ని కోలుకోనివ్వండి, నేల ఆరినప్పుడల్లా కొద్దిగా నీళ్లిస్తూ ఉండండి. బత్తాయి బాగుంటే దానికి మాత్రం ఇప్పుడే నీళ్లు ఆపేయండి. మీది చెల్క నేలే అయితే మూడు నాలుగు వారాలు చాలు, నల్లరేగడి అయితే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. మధ్యాహ్నం ఆకులు లోపలికి ముడుచుకుని, కొన్ని పసుపు తిరిగి రాలడం మొదలైతే ఆగాలి. అంతకంటే ఎండబెడితే కొమ్మలు ఎండుతాయి. సంక్రాంతి దాటాక పాదును పైపైన గుల్ల చేసి, రెండు తట్టల మాగిన పెంట, కిలో వేపపిండి కలిపి మొదట పల్చటి తడి ఇవ్వండి. వారానికి నిండు తడి. ఫిబ్రవరిలో పూత కనబడుతుంది, ఆ కాయలు దసరా అటూ ఇటూగా కోతకొస్తాయి. దీన్నే అంబే బహార్ అంటారు. కొత్తగా ఇంకో బత్తాయి మొక్క పెడతారనుకుంటే నర్సరీలో రంగపూర్ నిమ్మ మీద కట్టిన సాతుగుడి రకం బత్తాయి అంటు అడగండి. జంబేరి అనే ఇంకో నిమ్మ జాతి మీద కట్టిన దానికంటే ఈ బంక రోగాన్ని తట్టుకుంటుంది.

సీతాఫలానికి ఏమీ కాలేదు, దానిది నిద్ర. అది చలికాలంలో ఆకు రాల్చే చెట్టే. పేరున్న బాలానగర్ రకం పుట్టింది మన పాలమూరు జిల్లాలోనే. ఈ రాళ్లగుట్టల మీద నీళ్లు పోసేవాళ్లు ఎవరున్నారు, అయినా ప్రతి ఏడూ ఆకు రాల్చి ప్రతి ఏడూ చిగురేస్తున్నాయి. అనుమానమైతే సన్న కొమ్మను గోటితో గీరండి, లోపల పచ్చగా కనబడితే బతికున్నట్టే. నీళ్లు పోసి దాన్ని లేపాలని చూడకండి. చెట్టు మీద నల్లగా ఎండి గట్టిపడి వేలాడుతున్న కాయలుంటే మాత్రం తెంపి కాల్చేయండి, రోగాలూ పిండినల్లీ వచ్చే ఏటికి దాక్కునేది వాటిలోనే. ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు ఫిబ్రవరి చివర్లో తీసేస్తే చాలు.

మల్లె విషయంలో మాత్రం మీ వీడియోలు కరెక్టు, దానికి కత్తెర పెట్టాల్సిందే. ఇప్పుడు నీళ్లు ఆపండి. ఆకు వడలి పండుబారుతుంది, బెంగపెట్టుకోవద్దు. మల్లె తోటల రైతులు ఈ రోజుల్లో గొర్రెలనూ మేకలనూ తోలి ఆకు మేపిస్తారు. మీకు పక్కింటి మేక దొరికితే సరే, లేదంటే చేత్తో దూసేయండి. జనవరిలో నేల నుంచి ఒకటిన్నర అడుగు ఉంచి మిగతా అంతా కత్తిరించి, ఎండిన పుల్లలు మొదలుదాకా తీసేసి, మొదట్లో పెంట వేసి నీళ్లు మొదలుపెట్టండి. మల్లె మొగ్గ కొత్త కొమ్మకే వస్తుంది, పాత కొమ్మలు ఉంచుకుంటే ఆకుల పొద మిగులుతుంది. మార్చిలో మొగ్గ మొదలవుతుంది. ఉగాదికి జడలోకి ఒక మూర ఖాయమనే నా నమ్మకం.

గులాబీకి అసలు టైం అక్టోబర్, నవంబర్. ఈ డిసెంబర్ మధ్యలోపు చేస్తే ఫరవాలేదు, కత్తిరించిన నలభై ఐదు రోజులకు పూస్తుంది, అంటే జనవరి చివర. అంతకంటే ఆలస్యమైతే గట్టిగా కత్తిరించకండి, వాడిన పూలు తెంపుతూ ఉండండి. బయటి వైపు చూస్తున్న కన్నుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోయాలి. నిమ్మకు పేస్టు చేసిన రోజే కోస్తే, కోసిన చోట మిగిలిన బోర్డో పేస్టు చుక్క పెట్టండి. చేమంతి ఉంటే పూలయిపోయాక జానెడు ఉంచి కోసేయండి, పిలకలను వచ్చే ఏటికి కాపాడుకోవాలి. కరివేపాకు ఇప్పుడు వెలవెలబోతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు, ఫిబ్రవరిలో చివర్లు తుంచితే గుబురుగా వస్తుంది.

కుండీల అంచున తెల్లగా పేరుకునేది మీ బోరు నీళ్లలోని సున్నం, ఉప్పు. ఆ నీళ్లు పోసినకొద్దీ మట్టి చవుడు బారుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయా చూడండి. అలా ఉంటే అది ఇనుము కొరతే. ముసలి ఆకులు పసుపైతే అది వేరే సంగతి, ఎరువు చాలనట్టు. ఇనుము కొరతకు లీటరు నీళ్లలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి పొద్దున్నే ఆకు మీద చల్లండి. పది రోజులకు ఇంకోసారి. కలిపిన వెంటనే వాడాలి, నిలవ ఉంటే తుప్పు రంగుకు తిరుగుతుంది. గోడల మీద, బట్టల మీద పడకుండా చూసుకోండి, ఆ మరక పోదు. మందు కొట్టినా అసలు కారణం కుండీలోనే ఉంది కాబట్టి, పైన అంగుళం మందం మట్టి గీకి పారేసి కొత్త పెంట మట్టి వేయండి. నెలకోసారి మిషన్ భగీరథ నల్లా నీళ్లో, పట్టిపెట్టుకున్న వాననీళ్లో ఉంటే కుండీ అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయండి. ఆ కారిన నీళ్లు మళ్లీ వేరే కుండీలో పోయకండి. కట్టెల పొయ్యి బూడిద మొక్కలకు మంచిదని మన దగ్గర అందరూ వేస్తారు. మీ నీళ్లకు అది వద్దు, బూడిద కూడా క్షారమే. ఇంట్లో కుండీల్లో డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటివి ఉండి ఆకు కొసలు మాడిపోతుంటే దానికి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ కూడా కారణం కావచ్చు. ఆ మొక్కలకు ఫ్లోరైడ్ అస్సలు పడదు. నల్గొండ వాళ్లకు దాని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

కుండీలకు నీళ్లు ఇప్పుడు రోజూ వద్దు. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదంటారు కదా, పొద్దు తక్కువ, ఎండ తక్కువ, మొక్క తాగేదీ తక్కువే. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి, లోపల తడి తగిలితే ఆ రోజు మానేయండి. పోసేది ఎండ పడ్డాక, పొద్దున తొమ్మిది గంటల తర్వాత. రాత్రి చలిలో తడి మట్టి ఉంటే వేరు కుళ్లుతుంది. చలికాలంలో మా మిద్దె మీద చచ్చిన మొక్కల్లో ఎక్కువ శాతం నేను ముంచి చంపినవే.

ఇక నేల. చెల్క నేల బిందె నిండా నీళ్లు పోసినా గంటలో తాగేసి మళ్లీ నోరు తెరుస్తుంది. దానికి పెంట పట్టించాల్సిన రోజులివి. పెంట అంటే నిన్నటి పేడ కాదు. పచ్చి పేడ వేస్తే నేల వేడెక్కి వేరు కాలుతుంది, వెనకే చెదలు, వేరుపురుగు వస్తాయి. చేతిలోకి తీసుకుంటే నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా మట్టి వాసన వచ్చేది తెచ్చుకోండి. గొర్రెల మంద పెట్టే గొల్ల కురుమలు మీ ఊళ్లో ఉంటే గొర్రె ఎరువు అడగండి, ఒక తట్ట రెండు తట్టల పశువుల పెంటకు సమానం అంటారు పాతోళ్లు. మన రెండు జిల్లాలూ ఒకప్పుడు ఆముదానికి పేరున్నవే, ఆముదం పిండి దొరికితే అదీ బలమైన ఎరువే. కానీ ఇంట్లో కుక్క ఉంటే జాగ్రత్త. దాని వాసనకు కుక్కలు తవ్వుకుని తింటాయి, అది వాటికి విషం. పశువులకూ అంతే. కుక్క ఉన్న ఇంట్లో వేపపిండితో సరిపెట్టుకోండి.

పెంట వేశాక నేలను వట్టిగా వదలొద్దు. వరికోతలు ఇప్పుడే అయ్యాయి, గడ్డి చవగ్గా దొరుకుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చుట్టాలుంటే పల్లికాయ పొట్టు రెండు బస్తాలు తెప్పించుకోండి, గాలికి ఎగరకుండా నేల మీద నిలిచే కప్పు అది. నాలుగు వేళ్ల మందం పరవండి. కాండానికి జానెడు దూరం వదలాలి, లేకపోతే మన ఎర్రనేలల్లో చెదలు కప్పు కిందుగా వచ్చి నేరుగా బెరడెక్కుతాయి. పత్తికట్టె ఊరంతా ఊరికే దొరుకుతుంది, పందిరికి, టమాట ఊతానికి బాగుంటుంది. కానీ మందారం పక్కన మోపు పెట్టుకోకండి. పిండినల్లికి పత్తీ, మందారం రెండూ పుట్టిల్లే.

విత్తనాలు సంక్రాంతి దాకా డబ్బాలోనే ఉంచండి. ఆనిగెపుకాయ, బీర, కాకర, దోస గింజలకు చలిలో మొలక రాదు, వచ్చినా అక్కడే కూర్చుంటుంది. పండుగ అయ్యాక గింజలను రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూటగట్టి, పొయ్యి పక్కన వెచ్చటి మూల ఉంచండి. రెండు మూడు రోజుల్లో తెల్లటి ముక్కు బయటికి పొడుస్తుంది, అప్పుడు పాదులో పెట్టండి. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో పెడితే ఏప్రిల్‌లో కాయ తెంపుతారు. టమాట తీరు వేరు. పగలు ముప్పై ఐదు డిగ్రీలు దాటితే పువ్వు రాలుతుంది, కాయ కట్టదు. మీ కుండీల్లో ఉన్నవే ఇప్పుడు బాగా చూసుకోండి, మార్చిలో కొత్తగా నాటి ఉపయోగం లేదు. ఆ నెలలకు గంగవాయిలి కూర, తోటకూర, పుంటికూర చల్లుకుంటే ఎండాకాలం పప్పుకు కొరత ఉండదు.

మిద్దె మీద పందిరి శివరాత్రికల్లా లేవాలి. సగం ఎండను ఆపే షేడ్ నెట్ అయినా సరే, తాటాకైనా సరే. గుంజలు మాత్రం ఇప్పుడే పాతించండి. ఏప్రిల్‌లో మనుషులు దొరకరు, దొరికినా ఆ మిద్దె మీద నిలబడరు.

నిమ్మ సంగతి మాత్రం నాకు మళ్లీ రాయండి. బెరడు గీకినప్పుడు బంక కింద గోధుమరంగు కాండం చుట్టూ ఎంత మేర తిరిగిందో కొలిచి చెప్పండి. సగం లోపు అయితే చెట్టు దక్కుతుంది. సగం దాటితే పక్కన జాగ చూసి జూన్‌లో కొత్త అంటు పెట్టుకోవడమే మంచిది, పాత గుంతలో మాత్రం వద్దు.